ఏళ్ల తరబడి కదలని 1970 బీటిల్‌ను మళ్లీ నడపాలంటే ముందు ఏమి చూసుకోవాలి?

ప్రశ్న (మిషిగన్ నుంచి)

అందరికీ నమస్కారం. మా నాన్నగారు వైద్యులుగా డిట్రాయిట్ వచ్చిన కొత్తలో, 1973లో, ఒక 1970 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌ను సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. ఆ తర్వాత ఇంట్లో ఎన్ని కార్లు మారినా దానిని మాత్రం అమ్మనివ్వలేదు. అమెరికన్ కార్లకు పుట్టినిల్లయిన ఊళ్లో ఉంటూ జర్మనీ కారు ఎందుకని తోటి వైద్యులు అడిగితే, "దీనికి రేడియేటరే లేదు, చలికాలంలో గడ్డకట్టడానికి ఏముంది?" అనేవారట. నాన్నగారు నిరుడు కాలం చేశారు. కారు ఏళ్లుగా గ్యారేజీలోనే ఉంది. మా తమ్ముడు కొత్త బ్యాటరీ కొనితెచ్చి, ఈ శనివారం స్టార్ట్ చేసి చూద్దామంటున్నాడు. అలా చేయవచ్చునా? అందులో కూర్చుని ఒక్కసారి వీధి చివరిదాకా వెళ్లిరావాలని అమ్మ కోరిక.

సమాధానం (ఒహాయో నుంచి)

అమ్మా, శనివారం స్టార్ట్ చేయవద్దని మీ తమ్ముడికి గట్టిగా చెప్పండి. నేను 1970ల్లో ఇలాంటి బీటిల్‌నే నడిపాను, ఇంజిన్ పని చాలావరకు నా చేతులతోనే చేసుకున్నాను. బీటిల్ ఇంజిన్ మొండిది, బాగుచేస్తే తప్పక తిరుగుతుంది. ప్రమాదమంతా దాని చుట్టూ ఉన్న రబ్బరుతోనూ పెట్రోలుతోనూ వస్తుంది. పెట్రోలు ట్యాంకు ముందు, ఇంజిన్ వెనుక ఉండడం వల్ల ఇంధనం కారు పొడవునా ప్రయాణించాలి. పంపు నుంచి కార్బ్యురేటర్‌కు వెళ్లే గుడ్డ అల్లిక గొట్టం పైకి బాగానే కనిపించినా లోపల పగిలి ఉంటుంది. అక్కడ కారిన పెట్రోలు వేడి ఇంజిన్ మీద పడి ఎన్నో బీటిళ్లు తగలబడ్డాయి. క్రాంక్‌కేసు, అంటే ఇంజిన్ బయటి పెట్టె, మెగ్నీషియం మిశ్రమం కనుక ఒకసారి అంటుకుంటే ఆర్పడం కష్టం. కాబట్టి పాత పెట్రోలును పూర్తిగా తీసివేసి, ఎథనాల్ కలిసిన పెట్రోలును తట్టుకునే కొత్త గొట్టాలను అన్నిచోట్లా, ముఖ్యంగా కింద గేర్‌బాక్సు దగ్గర కంటికి ఆనని చోట కూడా, వేయించండి.

తర్వాత ఎలుకల సంగతి చూడాలి. ఈ ఇంజిన్‌ను చల్లబరిచేది ఫ్యాను గాలి, ఆయిలు మాత్రమే. ఫ్యాను చుట్టూ ఉన్న రేకు డొప్పలో ఎలుకలు గూడు కడితే ఇంజిన్ మామూలుగానే స్టార్ట్ అవుతుంది గాని, కొద్దిసేపటిలోనే మాడిపోతుంది. మీ మోడల్‌లో ఆయిల్ కూలర్ ఆ డొప్పలోనే ఉండి మూడవ సిలిండర్‌కు వెళ్లే గాలికి అడ్డుపడుతుంది. మొదట దెబ్బతినేది కూడా ఆ సిలిండరే. డొప్ప విప్పి చూడడం శ్రమే అయినా ఆ శ్రమ పడవలసిందే.

ఆపైన స్పార్క్ ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాలలో కొద్దిగా ఆయిల్ పోసి, జెనరేటర్ పుల్లీ నట్టుకు 21 మి.మీ. స్పానర్ పెట్టి చేత్తో తిప్పండి. ఇంజిన్ మెల్లగా తిరిగితే సగం గండం గడిచినట్టే. బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయకుండా ఆయిల్‌ను నాననివ్వండి. ఇంజిన్ ఆయిల్ రెండున్నర లీటర్లే పడుతుంది. దీనికి ఫిల్టర్ ఉండదు, అడుగున జల్లెడ మాత్రమే ఉంటుంది. దానిని విప్పి కడిగేటప్పుడు లోహపు తునకలు కనిపిస్తాయేమో చూడండి. వాల్వుల ఎడం 0.006 అంగుళాలు, అంటే 0.15 మి.మీ., ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడే సరిచేయాలి. అందుకే మా ఇంట్లో ఆ పని ఎప్పుడూ ఆదివారం తెల్లవారుజామునే జరిగేది. వాల్వు మూత తీగను స్క్రూడ్రైవర్‌తో కిందికి తన్నినప్పుడు వచ్చే టప్పుమన్న చప్పుడుకు ఇల్లంతా లేచేది.

బ్యాటరీ వెనుక సీటు కింద ఉంటుందని మీ తమ్ముడికి తెలిసే ఉంటుంది. దానికి మూత తప్పనిసరి. బరువైనవారు కూర్చున్నప్పుడు సీటు స్ప్రింగులు బ్యాటరీ కొనలకు తగిలితే సీటు అంటుకుంటుంది. పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి ఆలయం కట్టిన కొత్తలో మేము నలుగురం, పులిహోర గిన్నెతో సహా, ఈ కారులోనే వెళ్లేవాళ్లం. పెన్సిల్వేనియా కొండలు మూడవ గేరులో ఎక్కుతుంటే వెనుక ట్రక్కులవాళ్లు లైట్లు కొట్టేవారు. వెనుక సీటులో ఎవరు ఏ వైపు కూర్చోవాలో మాత్రం ఈ బ్యాటరీని బట్టే నిర్ణయించేవాళ్లం.

సమాధానం (కాలిఫోర్నియా నుంచి)

పై వారు చెప్పినవన్నీ సరైనవే. నడవడం కంటే ఆగడం ముఖ్యం కనుక బ్రేకుల మాట కూడా చేరుస్తున్నాను. రబ్బరు బ్రేకు గొట్టాలు లోపల ఉబ్బి మూసుకుపోతాయి, చక్రాల దగ్గరి సిలిండర్లు తుప్పుతో పట్టేస్తాయి. వీటిని బాగుచేయడం కంటే కొత్తవి వేయడమే మేలు, విడిభాగాలు ఇప్పటికీ సులువుగా దొరుకుతాయి. బ్యాటరీ కింది నేలరేకును స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, మొదట తుప్పు పట్టే చోటు అదే. అన్నట్టు, అద్దం కడిగే నీళ్లు రాకపోతే పంపు కోసం వెతకవద్దు. ఈ కారులో ఆ నీళ్లను చిమ్మేది స్పేర్ టైరులోని గాలి.

ప్రశ్న వేసినవారు

ఇద్దరికీ ధన్యవాదాలండి. శనివారం కార్యక్రమం మానుకున్నాము. అమ్మకు చలి పడదు, హీటర్ వేయవచ్చునా? ఫ్యాను బెల్టు కూడా వదులుగా కనిపిస్తున్నది.

సమాధానం (ఒహాయో నుంచి)

హీటర్ ఇప్పుడే వేయవద్దమ్మా. క్యాబిన్‌లోకి వచ్చే వేడిగాలి ఎగ్జాస్ట్ గొట్టాల చుట్టూ ఉన్న పెట్టెల మీదుగా వస్తుంది. లోపలి గొట్టం తుప్పుతో చిల్లిపడితే కార్బన్ మోనాక్సైడ్ నేరుగా లోపలికి చేరుతుంది, దానికి వాసన ఉండదు. ఆ పెట్టెలను పరీక్ష చేయించేవరకు అమ్మగారికి శాలువా కప్పండి. నిజానికి హీటర్ బాగున్న రోజుల్లోనూ మిషిగన్ చలికి అది ఏ మూలకూ చాలేది కాదు. అద్దానికి లోపలివైపు పట్టిన మంచును కూడా గీకవలసి వచ్చేది.

బెల్టు పాతదైతే కొత్తది వేయండి, ఎందుకంటే అది తెగితే జెనరేటర్‌తో పాటు ఫ్యానూ ఆగుతుంది. డాష్‌బోర్డులో జెనరేటర్ ఎర్రదీపం వెలిగితే, ఎక్కడ ఉన్నా సరే, వెంటనే పక్కకు తీసి ఇంజిన్ ఆపాలి. బొటనవేలితో నొక్కితే బెల్టు సుమారు అర అంగుళం లోపలికి వెళ్లాలి. బిగించాలంటే పుల్లీ రెండు ముక్కల మధ్య ఉన్న పలుచని రేకు బిళ్లలలో ఒకటి రెండు తీయండి. తీసినవాటిని పారవేయకుండా, పుల్లీ బయటివైపు నట్టు కిందనే బిగించి ఉంచండి; వదులు చేయవలసి వచ్చినప్పుడు అవే పనికివస్తాయి.