కాలు జారి పడితే తుంటి విరిగింది: ఎస్72 వేయాలా, ఎం80 వేయాలా?

దేవరకొండ_కోడర్:
నైట్ షిఫ్ట్ దిగి రాస్తున్నా, తప్పులుంటే సర్దుకోండి. డాక్టర్ రాత చూసి జబ్బుకు కోడ్ వేసే మెడికల్ కోడింగ్ పని నాది. అమెరికా చార్ట్ (పేషెంట్ రికార్డు), ఇన్‌పేషెంట్. 78 ఏళ్ల ఆవిడ వంటింట్లో కాలు జారి పడింది. ఎడమ ఫీమర్ (తొడ ఎముక) మెడ విరిగింది, హెమీ ఆర్థ్రోప్లాస్టీ (ఎముక తల మార్చే ఆపరేషన్) చేశారు. నేను గాయం వల్ల విరిగిందనే కోడ్, ఎస్72.002ఏ వేశాను. ఆడిటర్ ఎర్రర్ కొట్టి, ఆస్టియోపోరోసిస్ (ఎముకలు పలచబడే జబ్బు) వల్ల విరిగిందనే కోడ్, ఎం80.052ఏ అన్నారు. ఎందుకంటే మందుల లిస్టులో ఎముకల మందు అలెండ్రోనేట్ ఉందట! డిశ్చార్జ్ సమ్మరీ రెండుసార్లు చదివా, ఆస్టియోపోరోసిస్ అన్న మాటే లేదు. ఈ నెల నా క్వాలిటీ స్కోరు 95 కిందికి పోతుంది. రీబటల్ (ఎర్రర్ మీద అభ్యంతరం) పెట్టాలా, ఊరుకోవాలా?

పాలమూరు_పోరి:
పెట్టు అన్నా. మందు చూసి జబ్బు రాయడానికి మనమెవరం? ఆ మందు ఆస్టియోపోరోసిస్ రాకుండా కూడా ఇస్తారు. కోడింగ్ గైడ్‌లైన్‌లో ఉన్నది ఒకటే: ఆస్టియోపోరోసిస్ ఉందని తెలిసిన పేషెంట్, మామూలు ఎముకైతే విరగనంత చిన్న దెబ్బకు విరిగితే ఎం80. ఆ ‘తెలియడం’ డాక్టర్ రాతలో ఉండాలి. మన ఊహలో ఉంటే చెల్లదు.

మిర్యాలగూడ_ఫిజియో:
నేను కోడర్‌ని కాదు, మా మరదలు ఈ పనిలో ఉంది కాబట్టి చదువుతుంటా. మీరు పుస్తకం చూస్తున్నారు, బొక్కను చూడట్లేదు. నిలబడ్డ మనిషి నేల మీద పడితే గట్టి తుంటి విరగదు. డెక్సాలో (ఎముక సాంద్రత పరీక్ష) టీ స్కోరు ఆస్టియోపోరోసిస్ గీత అయిన మైనస్ 2.5 దాకా దిగకపోయినా, ఇంత చిన్న దెబ్బకు తుంటి విరిగితే దాన్ని ఆస్టియోపోరోసిస్ కిందే లెక్కేసే డాక్టర్లు చాలామంది.
మా నాయనమ్మ జాలారు దగ్గర జారి పడింది. నేను వెళ్లేసరికి కుడికాలు పొట్టిగా అయి, పాదం బయటికి తిరిగి ఉంది. ఎక్స్‌రే అక్కర్లేకుండానే తెలిసిపోయింది. ఇంట్లోవాళ్లేమో పసరు కట్టు కట్టించి తొమ్మిది రోజులు మంచంలో పెట్టారు. ఫీమర్ మెడ విరిగి పక్కకు జరిగితే ఆ ఎముక తలకు రక్తం తీసుకెళ్లే సన్నటి నాళాలు తెగుతాయి, కట్టు కడితే అవి అతుక్కుంటాయా? అందుకే ముసలివాళ్లకు స్క్రూలు వేయకుండా తలే మారుస్తారు. అదే ట్రోకాంటర్ల (మెడ కింద ఉండే ఎముక ఉబ్బులు) మధ్య విరిగితే రక్తానికి లోటుండదు, రాడ్డో ప్లేటో వేసి నిలబెడతారు. ఆలస్యమయ్యే కొద్దీ పుండ్లు, నెమ్ము. మా నాయనమ్మకు నడుము కింద పుండు మానడానికే రెండు నెలలు పట్టింది.

నకిరేకల్_ఆడిట్_అక్క:
ఫిజియో గారు చెప్పిన వైద్యం నిజమే, కానీ అది చార్ట్‌లో డాక్టర్ చేత్తో రావాలి. తమ్ముడూ, డిశ్చార్జ్ సమ్మరీ సరే, ఆర్థో కన్సల్ట్ (ఎముకల డాక్టర్ నోట్) చూశావా?

దేవరకొండ_కోడర్:
ఇప్పుడే చూశా అక్కా. ‘ఫ్రాజిలిటీ ఫ్రాక్చర్’ (చిన్న దెబ్బకే విరగడం) అని ఒక్క ముక్క ఉంది. రేడియాలజీలో ‘ఆస్టియోపీనియా’ అని ఉంది.

నకిరేకల్_ఆడిట్_అక్క:
రేడియాలజీ వదిలెయ్. ఇన్‌పేషెంట్‌లో దాన్నొక్కదాన్నే పట్టుకుని కోడ్ చేయం, పైగా ఆస్టియోపీనియా అంటే ఎముక కాస్త పలచబడడమే, ఆస్టియోపోరోసిస్ వేరు. ఫ్రాజిలిటీ అన్న మాట ఉంది కాబట్టి నేనైతే ఎం80 వైపే మొగ్గుతా. కోడ్ పుస్తకంలో ఆ కేటగిరీ నోట్‌లోనే ఫ్రాజిలిటీ ఫ్రాక్చర్ కలిపి ఉంది.

పాలమూరు_పోరి:
అక్కా, ఆ నోట్ మొత్తం చదవండి. ఆస్టియోపోరోసిస్‌తో పాటు ప్రస్తుత ఫ్రాజిలిటీ ఫ్రాక్చర్ అని ఉంది. ముందు జబ్బు, తర్వాత విరగడం. సగం నోట్‌తో ఎర్రర్ కొడితే ఎట్లా?

మునుగోడు_వాసి:
పోరి మాటకే నా ఓటు. మా మర్రిగూడ, మునుగోడు వైపు ముసలివాళ్ల ఎక్స్‌రే తీస్తే బొక్క పలచగా కాదు, తెల్లగా దట్టంగా కనబడుతుంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు. దట్టంగా ఉన్నా పెళుసే. అక్కడ డాక్టర్ స్కెలిటల్ ఫ్లోరోసిస్ వల్ల విరిగిందని రాస్తే ఎం80 పనికిరాదు, ఎం84.6 గ్రూపు (వేరే జబ్బు వల్ల విరగడం), దానికి తోడు ఎం85.1 (స్కెలిటల్ ఫ్లోరోసిస్). ముసలితనం ప్లస్ తుంటి ఈక్వల్ టు ఆస్టియోపోరోసిస్ అని కోడరే తేల్చేస్తే మా ఊళ్లో సగం చార్టులు తప్పే.

నకిరేకల్_ఆడిట్_అక్క:
ఫ్లోరైడ్ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నా. అయినా ఆ అమెరికా ఆవిడకు ఫ్లోరోసిస్ ఎక్కడిది? సరే, డాక్టర్‌కి క్వెరీ (రాతపూర్వక ప్రశ్న) పెట్టు తమ్ముడూ. ‘ఆస్టియోపోరోసిస్ కదా డాక్టర్’ అని నడిపించకు. పడ్డ తీరు, అలెండ్రోనేట్, కన్సల్ట్‌లోని మాట రాసి, విరగడానికి కారణమేంటో తేల్చమను. ఆప్షన్లలో గాయం వల్ల, జబ్బు వల్ల, వేరే కారణం, చెప్పలేం అన్నీ ఉండాలి.

దేవరకొండ_కోడర్:
పెట్టా. మూడు రోజులకు జవాబొచ్చింది: వయసు మీద పడి వచ్చిన ఆస్టియోపోరోసిస్. ఎం80.052ఏ కి మార్చా. ఎర్రర్ మాత్రం తీయలేదు, ‘చివరికి మేం చెప్పిందే కదా’ అంటున్నారు.

పాలమూరు_పోరి:
అదే నాకు మండేది! జవాబు రాకముందు వాళ్ల దగ్గర ఏ ఆధారం ఉంది? రెండో లెవెల్‌కి పంపు అన్నా.

మిర్యాలగూడ_ఫిజియో:
మీ గొడవ చూసి నాయనమ్మ డిశ్చార్జ్ కాగితం తీశా. ‘కుడి తుంటి ఆపరేషన్ అయినది’ అని ఉంది, అంతే. ఎముక ఎందుకు విరిగిందో లేదు, క్యాల్షియం తప్ప మందు లేదు. రేపు డెక్సాకి తీసుకెళ్తున్నా. ఎడమ తుంటి ఇంకా బాగానే ఉంది.