మగ్గం వర్క్ చేసే అక్కకు వేళ్లు మొద్దుబారుతున్నాయి, పని మానకుండా తగ్గే దారి ఉందా?

మా అక్క దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బొటిక్‌లో మగ్గం వర్క్ చేస్తుంది. పెళ్లిళ్ల సీజన్ వస్తే రోజుకు 10 గంటలు ఫ్రేమ్ ముందే. 2 నెలలుగా కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు తిమ్మిరెక్కుతున్నాయి. చిటికెన వేలికి మాత్రం ఏమీ లేదు. అర్ధరాత్రి లేచి చేయి విదిలించుకుంటూ కూర్చుంటుంది. మొన్న టీ గ్లాసు పట్టు తప్పి జారిపోయింది. అది చూసి నాకు నిజంగా భయం వేసింది.

కార్పల్ టన్నెల్ అన్నారు డాక్టర్ గారు. మణికట్టులోని ఇరుకు దారిలో మీడియన్ నరం నలుగుతోందట. థైరాయిడ్, షుగర్ రెండూ నార్మల్. రాత్రిపూట మణికట్టు వంగకుండా స్ప్లింట్ కట్టుకోమన్నారు. 3 వారాలైంది, నిద్ర కాస్త పడుతోంది. పగలు సూది పట్టగానే మళ్లీ మొదలు. ఇలాగే ఉంటే ఇంజెక్షన్, దానికీ తగ్గకపోతే ఆపరేషన్ అంటున్నారు.

పని మానేయమని మాత్రం చెప్పకండి. ఆ డబ్బుతోనే పిల్లల ఫీజులు కడుతోంది.

మగ్గం, టైలరింగ్ చేసేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి: ఫ్రేమ్ ఎత్తు ఎంత పెట్టుకుంటే మణికట్టు వంగకుండా ఉంటుంది? సూది పిడికి గుడ్డ చుట్టి లావు చేస్తే పట్టు తేలికవుతుందా? ఎంతసేపటికోసారి చేతికి విశ్రాంతి ఇస్తున్నారు? నిమ్స్‌లో నరం ఎలా పనిచేస్తోందో చూసే నర్వ్ కండక్షన్ పరీక్ష చేయించినవాళ్లుంటే, ఓపీకి ఎన్నింటికి వెళ్లాలో చెప్పగలరా? ఆపరేషన్ అయినవాళ్లు, మళ్లీ సూది పట్టడానికి మీకు ఎన్నాళ్లు పట్టిందండీ?