భీష్మించుకు కూర్చోవడం పొగడ్తా, తిట్టా?

కావలి అబ్బాయి:
బండి కొనిస్తేగానీ అన్నం తిననని మా తమ్ముడు మంచమెక్కాడు. "భీష్మించుకు కూర్చున్నాడు ఎదవ" అంటోంది మా నాయనమ్మ. భీష్ముడంటే మాట తప్పని మహానుభావుడు కదా, ఆయన పేరుతో ఈ తిట్టేంది? పట్టుదలకీ దీనికీ తేడా ఏంది?

ఒంగోలు అయ్యవారు:
మాట వచ్చింది ఆయన నుంచే నాయనా. సత్యవతి కొడుకులకే రాజ్యం దక్కాలని దాశరాజు పట్టుబడితే దేవవ్రతుడు రాజ్యం వదులుకున్నాడు, పెళ్లే చేసుకోనన్నాడు. అంత భయంకరమైన ఒట్టు పెట్టుకున్నాడు కాబట్టే భీష్ముడయ్యాడు. మన వాడుకలో ఆ త్యాగం ఎగిరిపోయి, కదలకపోవడం ఒక్కటే మిగిలింది. అందుకే దీని పక్కన ఎక్కువగా 'కూర్చోవడం' ఉంటుంది. "భీష్మించి చదివి ర్యాంకు కొట్టాడు" అని ఎవరన్నా అంటారా? పట్టుదలగా చదివాడంటారు. పట్టుదల ఉన్నవాడు పని చేస్తాడు. భీష్మించినవాడు ఎదుటివాళ్లు దిగొచ్చేదాకా ఏ పనీ చెయ్యడు.

మూలాపేట:
అట్టయితే పొట్టి శ్రీరాములు గారో? 1952లో మద్రాసులో 58 రోజులు అన్నం ముట్టకుండా ఉన్నారే. ఆయన భీష్మించినట్టా?

ఒంగోలు అయ్యవారు:
నేనైతే అనను, 'దీక్ష' అనే మాట ఉండగా అదెందుకు? ఇంకో సంగతి. భీష్మించాడనేది ఆ పట్టు వల్ల ఇబ్బంది పడేవాళ్ల నోట్లోంచి వచ్చే మాట. అందులో విసుగుంటుంది. 1992లో దూబగుంట ఆడవాళ్లు ఊళ్లో సారా వద్దని నిలబడితే మనం పట్టుదల అన్నాం. సారా కాంట్రాక్టర్లను అడిగుంటే మొండితనం అనుండేవాళ్లు.

బోరు మెకానిక్, కనిగిరి:
మా పనిలో మాట 'మొరాయించడం'. మోటారు మొరాయిస్తది, ఎద్దు మొరాయిస్తది. ఎలక్షన్లప్పుడు ఈవీఎంలు మొరాయించాయని పేపర్లో చూస్తాం గానీ, భీష్మించాయని ఎప్పుడన్నా చూశారా?

ఒంగోలు అయ్యవారు:
భలే పట్టారు! భీష్మించాలంటే ముందు ఒక కోరిక ఉండాలి, అది నోరు తెరిచి చెప్పాలి. మోటారుకి ఆ రెండూ లేవు. కావలి అబ్బాయీ, మీ తమ్ముడిది ఉత్త మంకుపట్టు. మీ నాయనమ్మ మనవడనే ముద్దుకొద్దీ ఎటకారంగా పెద్ద మాట వాడింది. ఇంతకీ అన్నం తిన్నాడా?

కావలి అబ్బాయి:
తిన్నాడు సార్. ఈసారి నాయనమ్మ కూర్చుంది, బండి కొంటే ఆమె తినదంట.