12 బిట్ల పాత శాంపిలర్ల ధ్వని: కోడెక్ ఉన్న బోర్డు చాలా, విడి డీఏసీలు తప్పవా?

తంత్రి:
డైసీ సీడ్ (ఆడియో పనులకు వాడే చిన్న ప్రాసెసర్ బోర్డు) మీద రెండు పాత శాంపిలర్ల, అంటే శబ్దాన్ని రికార్డు చేసి పిచ్ మార్చి వాయించే యంత్రాల, ధ్వని తేవాలి: ఈ-ము ఎస్పీ-1200 (1987), అకాయ్ ఎస్950 (1988). బోర్డులో ఉన్న 24 బిట్ల కోడెక్ (శబ్దాన్ని అంకెలుగా, అంకెలను శబ్దంగా మార్చే చిప్పు) నుంచే, శబ్దాన్ని 12 బిట్లకు కుదించి 26.04 కిలోహెర్ట్జ్‌కి దించితే సరిపోతుందని కొందరంటారు. విడి డీఏసీ చిప్పులు (అంకెలను వోల్టేజీగా మార్చేవి), వాటి వెనక అనలాగ్ ఫిల్టర్లు లేకుండా ఆ ధ్వని రాదని మరికొందరు. ఎవరి మాట నిజం?

వక్రరేఖ:
ముందు 12 బిట్ల భ్రమ వదిలించుకోవాలి. 12 బిట్లంటే లెక్కప్రకారం 74 డీబీ. నిండు లెవెల్లో రికార్డు చేస్తే ఆ గరగర వినైల్ రికార్డు సొంత రొద కింద దాగిపోతుంది. లెవెల్ 24 డీబీ తగ్గించి రికార్డు చేస్తేనే 8 బిట్లు మిగిలి, శబ్దం ఆరిపోయే చోట బరక తెలుస్తుంది.

ఎస్పీ-1200 అసలు రుచి పిచ్ మార్చే పద్ధతిలో ఉంది. దాని అవుట్‌పుట్ గడియారం ఎప్పుడూ 26.04 కిలోహెర్ట్జే. పిచ్ దించితే కొన్ని శాంపిళ్లను (రికార్డైన విలువలను) రెండోసారి చదువుతుంది, మధ్య విలువలు లెక్కగట్టదు. 5 సెమీటోన్లు దించారనుకోండి, గడియారం ఒక్కో టిక్కుకు చదివే చోటు ముందుకు జరిగే అడుగు 0.7492 శాంపిల్. అంటే నాలుగు టిక్కుల్లో మూడుసార్లు ముందుకెళ్లి, ఒకసారి అక్కడే ఆగుతుంది. ఈ ఆగడం సెకనుకు సుమారు 6,530 సార్లు. ఫలితంగా 1 కిలోహెర్ట్జ్ స్వరానికి 5.5 దగ్గర ఒకటి, 7.5 దగ్గర ఒకటి కొత్త స్వరాలు పుడతాయి, అసలు దానికన్నా 26, 27 డీబీలే తక్కువగా. 74 డీబీ కింద ఉన్న బిట్ల రొదతో దీనికి పోలికా? స్నేర్ మీద టింగుమని వినిపించేది ఇదే.

కోడ్‌లో ఇది ఒక్క లైను: పాయింటర్‌లో (శాంపిల్ చదివే చోటును చూపే సంఖ్యలో) పూర్ణాంకం మాత్రమే తీసుకోండి. లీనియర్ ఇంటర్‌పొలేషన్ (రెండు శాంపిళ్ల మధ్య విలువ లెక్కగట్టడం) పెట్టారో, అంతా పోయినట్టే. విడి డీఏసీ అక్కర్లేదు.

టంకం:
పిచ్ మాట ఒప్పుకుంటాను వక్రరేఖ గారూ. కానీ ఆ విలువలు బయటికొచ్చే దారి సంగతి వదిలేశారు. కోడెక్‌ను 96 కిలోహెర్ట్జ్‌లో నడిపితే దాని టిక్కు 10.4 మైక్రోసెకన్లు, యంత్రం టిక్కు 38.4. ఒకటి రెండోదాన్ని సమంగా భాగించదు. ప్రతి మెట్టు అంచూ దగ్గరి టిక్కుకు అతుక్కుని 5.2 మైక్రోసెకన్ల దాకా అటూ ఇటూ జరుగుతుంది. ఆ వణుకుతో అసలు యంత్రంలో లేని చెత్త చేరుతుంది. పైగా అది పిచ్ మార్చని శబ్దంలోనూ ఉంటుంది. చాలామంది "ఏదో డిజిటల్‌గా ఉంది" అని ఫిర్యాదు చేసేది దీని గురించే.

విడి డీఏసీతో ఆ బాధ లేదు. డైసీ సీడ్ ప్రాసెసర్ ఎస్‌టీఎం32హెచ్750లో 240 మెగాహెర్ట్జ్ టైమర్‌ను 9216తో భాగిస్తే 26,041.67 హెర్ట్జ్ వస్తుంది. రిజిస్టర్‌లో 9215 రాయాలి, ఒకటి తక్కువ. ఎనిమిది అవుట్‌పుట్‌లకు ఎంసీపీ4922లు నాలుగు, ఒక్కోదానిలో రెండు డీఏసీలు. ఎస్పీఐ (చిప్పుకు విలువలు పంపే తీగల దారి) 20 మెగాహెర్ట్జ్‌లో ఒక్కో పదానికి 0.8 మైక్రోసెకను, ఎనిమిదింటికి 6.4. సీఎస్ (ఏ చిప్పుకో ఎంచే పిన్) మార్పుల ఆలస్యం కలిపినా 38.4లో హాయిగా ఇముడుతుంది.

ఎక్కువమంది పొరపడేవి మూడు చోట్ల:

ఎల్‌డాక్ పిన్‌ను (పంపిన విలువను అవుట్‌పుట్‌కి ఎక్కించేది) గ్రౌండ్‌కి కలపకండి. కలిపితే సీఎస్ పైకి లేచిన క్షణంలో అవుట్‌పుట్ మారుతుంది, ఇంటరప్ట్ ఆలస్యమంతా ధ్వనిలోకి దిగుతుంది. ఎల్‌డాక్‌ను నేరుగా టైమర్ అవుట్‌పుట్ పిన్‌కి ఇచ్చి, చిన్న లో పల్స్‌తో తట్టండి. తర్వాతి విలువలు ఆ పల్స్ అయ్యాకే పంపండి.

డీఏసీకి 5 వోల్టులిస్తే దాని లాజిక్ హై గుర్తింపు 0.7 రెట్లు, అంటే 3.5 వోల్టులు. బోర్డు ఇచ్చేది 3.3. బల్లమీద పనిచేసినట్టే కనిపించి, పెట్టెలో పెట్టాక చిటపటలాడుతుంది. మధ్యలో 74ఏహెచ్‌సీటీ125 (3.3ను 5 వోల్టులకు పెంచే నాలుగు దారుల బఫర్ చిప్పు) పెట్టండి. గడియారం, డేటా, ఎల్‌డాక్, నాలుగు సీఎస్‌లు కలిపి ఏడు తీగలు, కాబట్టి రెండు చిప్పులు కావాలి.

రిఫరెన్స్‌గా 4.096 వోల్టులివ్వండి, గెయిన్ 1. అప్పుడు ఒక్కో మెట్టు సరిగ్గా 1 మిల్లీవోల్టు. బోర్డు 5 వోల్టులనే రిఫరెన్స్‌గా వాడితే ప్రాసెసర్ మోత పాటలో వినబడుతుంది.

వక్రరేఖ:
అంచుల వణుకు విషయంలో మీదే నిజం, నేను చెప్పిన ఒక్క లైను చాలదు. అయితే మందు కోడ్‌లోనే ఉంది. ఫేజ్ అక్యుములేటర్ (కోడెక్ టిక్కు టిక్కుకూ పెరిగే లెక్క) అడుగు 26041.67/96000, అంటే 0.2713. అది 1 దాటినప్పుడు మిగిలిన భాగాన్ని 0.2713తో భాగిస్తే, అంచు ఆ టిక్కుకు ఎంత ముందు పడిందో తెలుస్తుంది. కొత్త విలువలోంచి పాతది తీసేసి, ఆ ఎత్తుకు పాలీబ్లెప్ దిద్దుబాటు (మెట్టు అంచును దాని అసలు చోటికి తగ్గట్టు నున్నగా చేసే లెక్క) వేయండి. రెండు బిందువులది చవకే గాని పై ఫ్రీక్వెన్సీల్లో కొంత చెత్త మిగులుతుంది, నాలుగు బిందువులది మేలు.

తంత్రి:
మరి ఎస్950కీ ఇదేనా?

టంకం:
కాదండీ, అది వేరే జాతి. అందులో పిచ్ దించితే ఆ వాయిస్ (ఒకేసారి మోగే శబ్దాల్లో ఒకటి) గడియారమే నెమ్మదిస్తుంది. పై ఉదాహరణనే 26.04లో రికార్డు చేసి 5 సెమీటోన్లు దించితే గడియారం 19.5కి వస్తుంది, గడియారానికి అటూ ఇటూ పుట్టే నీడ స్వరాలు 18.5 దగ్గర, 20.5 దగ్గర పడతాయి. 5.5కి మడత పడవు. అందుకే అది మెత్తగా, ఎస్పీ గరుకుగా వినిపిస్తాయి. రెండింటికీ ఒకే "పాత శాంపిలర్" బటన్ పెట్టేవాళ్లు ఇక్కడే తప్పుతున్నారు.

దీనికి ఎంసీపీ4922 పనికిరాదు, లోపలి రెండు డీఏసీలకూ ఎల్‌డాక్ ఒకటే. వాయిస్‌కొకటి చొప్పున ఎంసీపీ4921లు ఎనిమిది, టైమర్లు ఎనిమిది కావాలి.

వక్రరేఖ:
అదే పాలీబ్లెప్‌లో అడుగు విలువ మారిస్తే ఎస్950 గడియారం కూడా వచ్చేస్తుంది. ఎనిమిది టైమర్ల శ్రమ ఎందుకు? విడి చిప్పులు అడిగేది ఫిల్టర్ ఒక్కటే.

అలజడి:
ఫిల్టర్ సంగతి నేనందుకుంటాను. ఎస్పీ-1200లో 1, 2 అవుట్‌పుట్‌లకు ఎస్ఎస్ఎం2044 అనే అనలాగ్ ఫిల్టర్ చిప్పు, శబ్దం ఆరేకొద్దీ మూసుకుంటుంది. 3 నుంచి 6 దాకా కదలని ఫిల్టర్లు, 7, 8కి ఏమీ ఉండదు. కాబట్టి ఒకే శబ్దం ఏ రంధ్రంలోంచి వచ్చిందో దాన్ని బట్టి మారుతుంది. కిక్ 1లో, హై-హ్యాట్ 8లో పెట్టాలని పాతవాళ్లు చెప్పేది అందుకే. ఎస్ఎస్ఎం2044 బదులు ఇప్పుడు ఎస్ఎస్ఐ2144 దొరుకుతోంది, నా ఓటు దానికే.

ఎస్950లో ఉన్నది ఎంఎఫ్6-50, స్విచ్డ్ కెపాసిటర్ రకం (సొంత గడియారంతో నడిచే ఫిల్టర్), ఆక్టేవ్‌కి 36 డీబీ వాలు, గడియారం కటాఫ్‌కి (కోత మొదలయ్యే ఫ్రీక్వెన్సీకి) 50 రెట్లు. కటాఫ్ 200 హెర్ట్జ్‌కి దించితే గడియారం 10 కిలోహెర్ట్జ్, సన్నని ఈల స్పష్టంగా వినబడుతుంది. దాని బదులు వాడదగ్గ మ్యాక్స్295 కూడా 50 రెట్లదే, అందులోనూ ఈ ఈల తప్పదు. మ్యాక్స్291 100 రెట్లది, ఈలను 20 కిలోహెర్ట్జ్‌కి తోస్తుంది. అయితే రెండింటి వాలూ 48 డీబీ, అసలుకన్నా నిటారు.

తంత్రి:
అయితే కోడెక్, పాలీబ్లెప్, వెనక రెండు ఎస్ఎస్ఐ2144లతో ఎస్పీ మొదలుపెడతాను. 33 ఆర్‌పీఎం రికార్డును 45 వేగంలో తిప్పి రికార్డు చేసి, 5 సెమీటోన్లు దించి వింటే పరీక్ష అయినట్టేనా?

టంకం:
అవుతుంది, కానీ వేగం 1.35 రెట్లు, 5 సెమీటోన్లు 1.335 రెట్లు. టర్న్‌టేబుల్ పిచ్‌ను 1.1 శాతం తగ్గించకపోతే పాట 20 సెంట్లు (సెమీటోన్‌లో వందో వంతు ఒక సెంటు) హెచ్చులో ఉంటుంది, ఆ తేడాను ఫిల్టర్ మీదకి నెట్టేస్తారు.