అప్‌డేట్: హాల్లో చేర్యాల బొమ్మ ఖరారైంది

హాల్లో సోఫా వెనక చేర్యాల శైలిలో (తెలంగాణలోని చేర్యాలలో గుడ్డ పటాల మీద కథలు బొమ్మలుగా వేసే పద్ధతి) పెద్ద బొమ్మ వేయించాలనుకుంటున్నాం, నేరుగా గోడ మీదా లేక గుడ్డ మీదా అని అడిగాను కదా. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్. గుడ్డ మీదే వేయిస్తున్నాం.

కారణం చెమ్మ. ఆ గోడకు అవతల బాత్రూమ్ ఉంది. కింద మూలన చేత్తో రుద్దితే తెల్లటి ఉప్పు పొడి రాలింది. చిత్రకారుడు చూసి "దీని మీద రంగు నిలవదమ్మా" అనేశారు. అందుకే ఖద్దరు గుడ్డకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూత పూసి, బాగా ఆరాక బొమ్మ వేస్తారు. తర్వాత ఫ్రేముకు బిగించి గోడకు కాస్త ఎడంగా తగిలిస్తారు, వెనక గాలి ఆడేలా. ఇల్లు మారినా వెంట తీసుకెళ్లొచ్చు, నాకు ఇదే బాగా నచ్చింది.

సైజు 8 అడుగులు బై 4. కథ మార్కండేయ పురాణం. మా పద్మశాలీలకు కథలు చెప్పే కూనపులివాళ్లు పటం విప్పి చెప్పేది అదే. సోఫాకు నప్పేలా వెనక లేత బూడిదరంగు పెట్టిద్దామని ఇంటీరియర్ అబ్బాయి అన్నాడు, నేను ఒప్పుకోలేదు. ఈ బొమ్మలకు వెనక ఉండే ఆ ఎరుపు లేకపోతే అది చేర్యాల బొమ్మే కాదు.

ముందు గీతలు చూపిస్తారు, మేం సరేనన్నాకే రంగులు. అడ్వాన్స్ ఇచ్చేశాం. ఈలోపు బాత్రూమ్ లీకేజీ పని చేయిస్తున్నాం.