అడవిలో కళాకారుల కుటీరాలు: చూడ్డానికి జనాన్ని రానివ్వాలా?

జీడితోట: విజయనగరం జిల్లాలో కొండవార తోటలో రచయితలకీ చిత్రకారులకీ నాలుగు కుటీరాలు కట్టాలని మా మిత్రుల ఆలోచన. ఒక్కొక్కరూ నెలపాటు ఉండి పని చేసుకుంటారు. చూడవచ్చేవాళ్ళని లోపలికి పంపాలా వద్దా అన్న దగ్గరే మాట కుదరడం లేదు. మీరేమంటారు?

నాగావళి ఒడ్డు: పంపాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగని తొలిచి వీణ చేస్తుంటే పక్కనే కూర్చుని చూశాను. ఎవరూ పొమ్మనలేదు, ఉలీ ఆగలేదు. ఆ పని కళ్ళారా చూసిన పిల్లలకి వీణంటే గౌరవం పెరుగుతుంది. జనం మొహాన తలుపేసుకుంటే రేపు ఆ కళ కోసం జనం ఎందుకు నిలబడతారు?

వీణతీగ: ఒప్పుకోను మాస్టారూ. మీరు చూసింది చెక్కడం. వీణకుండే 24 మెట్లూ మైనంలో కూర్చి శ్రుతి సరిచూసుకునే వేళ పక్కన ఎవరైనా మాట్లాడితే చెవి చెదురుతుంది. కథ రాసేవాళ్ళకి రోజంతా అదే వేళ. పైగా అక్కడ చూడ్డానికేముంది, ఓ మనిషీ ఓ కాగితమూ తప్ప?

అమెరికాలో న్యూ హాంప్‌షైర్ రాష్ట్రం, పీటర్‌బరో ఊళ్ళో మెక్‌డొవెల్ అని, కళాకారులు కొన్నాళ్ళుండి పని చేసుకునే ఓ చోటుంది. స్వరకర్త ఎడ్వర్డ్ మెక్‌డొవెల్, ఆయన భార్య మేరియన్ 1907లో మొదలుపెట్టారు. అడవిలో దూరదూరంగా 32 స్టూడియోలు. మధ్యాహ్నం భోజనం బుట్టలో తెచ్చి గుమ్మంలో పెట్టి, తలుపు తట్టకుండా వెళ్ళిపోతారు. పిలవనిదే ఒకరి స్టూడియోకి ఇంకొకరు వెళ్ళరు. లోపల చెక్కపలకలుంటాయి. అక్కడ పని చేసినవాళ్ళు వెళ్ళేముందు వాటి మీద సంతకం పెడతారు. వేసవిలో ఒక కళాకారుడికి పతకం ఇచ్చే రోజున మాత్రం జనానికి తలుపులు తీస్తారు. వచ్చినవాళ్ళు ఆ పేర్లు చదువుకోవచ్చు, కళాకారుల్ని అడిగి తెలుసుకోవచ్చు. మనకీ ఆ పద్ధతే మంచిది. ఎప్పుడూ తెరిచి ఉండాల్సిన చోట్లు వేరు. 1997లో కారా మాస్టారు (కథకులు కాళీపట్నం రామారావు) శ్రీకాకుళంలో పెట్టిన తెలుగు కథల గ్రంథాలయం, కథానిలయం అలాంటిది. అది చదువుకునేవాళ్ళ కోసం.

కొండదారి: ఒక్కరోజన్నది సరే. మరి పుల్లలకీ పశువుల మేతకీ ఆ తోటలోంచి నడిచే ఆడవాళ్ళ మాటేమిటి? వాళ్ళు చూడొచ్చినవాళ్ళు కారు, అది వాళ్ళ దారి. కంచె వేసేముందు ఊరివాళ్ళతో కూర్చోండి. తలుపులు తీసేది సంక్రాంతికి పెట్టండి. వలసెళ్ళినవాళ్ళు ఇళ్ళకొచ్చేది అప్పుడే.

నాగావళి ఒడ్డు: సంక్రాంతి మాట బాగుంది. కానీ పండక్కి బడులుండవు. బడిపిల్లల కోసం ఇంకో రోజు ఇవ్వాల్సిందే, అక్కడ మాత్రం నేను తగ్గను.