జీమెయిల్‌కు కస్టమర్ కేర్ నంబరు ఉందా?

కడప నుంచి: అన్నా, మా షాపు జీమెయిల్ పాస్‌వర్డ్, రికవరీ నంబరు నిన్న ఎవరో మార్చేసినారు. మ్యాప్‌లో షాపు పేరు, జీఎస్టీ మెయిళ్లు అన్నీ దాంట్లోనే ఉండాయి. వెతికితే ఒక కస్టమర్ కేర్ నంబరు దొరికింది. వాళ్లు ఎనీడెస్క్ అనే యాప్ (మన స్క్రీన్‌ను దూరం నుంచి చూసి నడిపేది) వేసుకోమంటున్నారు. వేసుకోవచ్చా?

అనంతపురం నుంచి: వద్దే వద్దు. ఉచిత జీమెయిల్ అకౌంటును ఫోన్లో తిరిగి ఇప్పించే నంబరే లేదు. ఎనీడెస్క్ వేస్తే మీ స్క్రీను, దాంతోపాటు బ్యాంకు ఓటీపీలు వాళ్లకు కనబడతాయి. దారి ఒక్కటే, అకౌంట్ రికవరీ పేజీ. రోజూ లాగిన్ అయ్యే షాపు కంప్యూటర్‌లోనే, అదే బ్రౌజర్‌లో, అదే వైఫైలో చేయండి. కొత్త ఫోన్ నుంచి చేస్తే మీరేనని సిస్టమ్ నమ్మకపోవచ్చు. వీపీఎన్ (మీరుండే చోటు కనబడకుండా చేసే యాప్) ఉంటే ఆపేయండి. గుర్తున్న చివరి పాస్‌వర్డ్ ఇవ్వండి, పాతదైనా పనికొస్తుంది. ముఖ్యంగా, రికవరీ నంబరు మార్చినా 7 రోజుల వరకు పాత నంబరుకే కోడ్ తెప్పించుకునే వీలుంటుంది. అందుకే ఈరోజే కూర్చోండి. పాత సిమ్ రీచార్జ్ అయిపోయి ఉంటే ముందు అది చేయించండి.

కర్నూలు నుంచి: అదీ కుదరకపోతే గూగుల్ కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయండి. 2021 ఐటీ రూల్స్ ప్రకారం 24 గంటల్లో అందినట్టు చెప్పాల, 7 రోజుల్లో తేల్చాల. జవాబు నచ్చకపోతే 30 రోజుల్లోపు ప్రభుత్వం పెట్టిన గ్రీవెన్స్ అప్పీలేట్ కమిటీకి ఆన్‌లైన్‌లో అప్పీలు చేయొచ్చు. డబ్బు పోయుంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

కడప నుంచి: 1915 పనికొస్తుందా?

కర్నూలు నుంచి: అది వినియోగదారుల హెల్ప్‌లైన్. డబ్బు పెట్టి కొన్న ఫోను, సబ్‌స్క్రిప్షన్ తగాదాలకు బాగా పనికొస్తుంది. బిల్లు దగ్గర పెట్టుకొని చేయాల.